పొగ గీత, కొండ ఎత్తు

ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. వాళ్ల అమ్మాయి జియోఇన్ఫర్మాటిక్స్‌లో ఎం.టెక్ చేసి, మ్యాపులు తయారుచేసే కంపెనీలో నాలుగేళ్లు పనిచేసి, ఇప్పుడు గాలి నాణ్యత మీద పరిశోధన చేసే బృందంలో చేరిందట. "నేల కొలవడం నేర్చుకున్న పిల్ల గాలి కొలవడానికి పోయింది. చదివిందంతా గాలికి పోయినట్టేనా? టెన్షన్‌గా ఉంది" అని అడిగారు.

అయ్యా, మీ అమ్మాయి కంటే దాదాపు 170 ఏళ్ల ముందే ఒకాయన అదే దారిన నడిచాడు. పేరు రాధానాథ్ సిక్దార్. 1813లో కలకత్తా జొరాసాంకోలో పుట్టాడు. 1831లో, పద్దెనిమిదేళ్ల వయసులో, నెలకు 30 రూపాయల జీతం మీద దేశాన్నంతా త్రిభుజాల లెక్కతో కొలిచే గ్రేట్ ట్రిగొనామెట్రికల్ సర్వేలో చేరాడు. ఉద్యోగం పేరు 'కంప్యూటర్'. అవును, అప్పట్లో కంప్యూటర్ అంటే మనిషే. కాగితం, కలం, లాగరిథమ్ పట్టికలు పెట్టుకుని పొద్దస్తమానం లెక్కలు చేసే మనిషి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ సర్వేకి చీఫ్ కంప్యూటర్ అయ్యాడు. 1852లో కలకత్తా వాతావరణ పరిశీలనాలయం బాధ్యత కూడా ఆయన చేతికే వచ్చింది. 1862లో రిటైరయ్యేదాకా అది ఆయన దగ్గరే ఉంది.

ఆయన గురించి రాసేవాళ్లు సాధారణంగా ఈ రెండు పనుల్నీ రెండు వేరు అధ్యాయాలుగా పెడతారు. మొదటిది ఎవరెస్టు ఎత్తు, రెండోది వానలూ ఎండలూ. నా మటుకు నాకు అది ఒకటే పని. ఎందుకో చెప్పాలంటే ముందు ఎడ్లబండి ఎక్కాలి.

బండి గట్టి నేల మీద పోతోంది. కుడి చక్రం ఇసుకలో దిగింది. కుడి చక్రం నెమ్మదించింది, ఎడమ చక్రం అదే వేగంతో పోతోంది. బండి కుడి పక్కకు తిరుగుతుంది. వెలుతురు కూడా ఇలాంటి బండే. కింద గాలి చిక్కగా ఉంటుంది, పైన పలచగా. చిక్కటి గాలిలో వెలుతురు కాస్త నెమ్మది. కాబట్టి దూరపు కొండ శిఖరం నుంచి బయల్దేరిన కిరణానికి కింది చక్రం ఇసుకలో ఉన్నట్టే. దారంతా కొద్దికొద్దిగా కిందికి ఒంగుతూ వస్తుంది. మన కన్ను మాత్రం కిరణం తిన్నగా వచ్చిందనే అనుకుంటుంది. కనుక శిఖరం ఉన్న చోటు కంటే పైన కనిపిస్తుంది.

ఎంత పైన? 1849-50లో సర్వే వాళ్లు బీహార్ మైదానంలో నిలబడి, హిమాలయాల్లో తాము పీక్ XV అని గుర్తు పెట్టుకున్న శిఖరాన్ని (ఇప్పటి ఎవరెస్టు), కోణాలు కొలిచే థియోడొలైట్‌తో చూశారు. దూరం సుమారు 180 కిలోమీటర్లు. అంత దూరంలో భూమి గుండ్రదనం వల్ల శిఖరం దాదాపు 2,540 మీటర్లు కిందికి దిగిపోయినట్టు కనిపించాలి. గాలి దాన్ని మళ్లీ సుమారు 330 మీటర్లు పైకి ఎత్తి చూపిస్తుంది. ఈ 330 లెక్కలో పదో వంతు తప్పు చేస్తే కొండ ఎత్తు 33 మీటర్లు తేడా వస్తుంది. అంటే ఎవరెస్టు ఎత్తు కొలవడంలో కష్టం కొండతో కాదు, మధ్యలో ఉన్న గాలితో.

వాళ్లు తేల్చింది 29,002 అడుగులు. ప్రకటించింది 1856లో. 1905లో సర్వే అధికారి సిడ్నీ బురార్డ్ వక్రీభవనం, అంటే గాలిలో కిరణం ఒంగడం, లెక్క మార్చి చూస్తే 29,141 వచ్చింది. కొండ పెరగలేదు, గాలి గురించి అభిప్రాయం మారింది. అంతే. ఇప్పటి లెక్క, 2020లో నేపాల్, చైనా కలిసి చెప్పింది, 8,848.86 మీటర్లు, అంటే దాదాపు 29,032 అడుగులు. పాత లెక్కకు దగ్గరగా ఉండటంలో అదృష్టం పాలూ ఉంది. ఒక తప్పు ఇంకో తప్పును కొట్టేసింది. సిక్దార్ ఆఫీసులోకి పరుగెత్తుకొచ్చి "ప్రపంచంలో ఎత్తైన కొండ దొరికింది" అన్నాడనే కథ వినే ఉంటారు. చరిత్రకారులు దాన్ని పెద్దగా నమ్మరు. నాకూ ఆ కథ అక్కర్లేదు, ఆ లెక్క చాలు.

ఇప్పుడు అసలు విషయం. గాలి చిక్కదనం రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి పీడనం. అది పైకి పోయేకొద్దీ దాదాపు ఒకే తీరున తగ్గుతుంది, పేచీ పెట్టదు. రెండోది ఉష్ణోగ్రత. అల్లరంతా దీనిదే. సర్వేయర్లు వాడే సూత్రం ఒకటుంది. కొంచెం ఓపిక పట్టండి. 503ని మిల్లీబార్లలో పీడనంతో గుణించి, కెల్విన్‌లలో ఉష్ణోగ్రత వర్గంతో భాగించండి. మీటరు పైకి వెళ్తే ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో దానికి 0.0343 కలిపి, వచ్చినదాన్ని ముందు లెక్కతో గుణించండి. ఉష్ణోగ్రత తగ్గుతుంటే మైనస్ గుర్తు. జవాబు 1 వస్తే కిరణం భూమి గుండ్రదనంతో సమానంగా ఒంగుతోందని, 0 వస్తే తిన్నగా పోతోందని అర్థం.

బడిలో చెప్పినట్టు కిలోమీటరుకు 6.5 డిగ్రీలు తగ్గుతుంటే జవాబు 0.17. మా జాగ్రఫీ మాస్టారు ఈ 6.5ని మా చేత ఎక్కంలా వల్లె వేయించారు. అది సగటు మాత్రమేనని, మన ఊళ్లోనే రోజూ తెల్లారుజామున అబద్ధమవుతుందని ఒక్కసారి కూడా చెప్పలేదు. రాత్రంతా నేల తన వేడిని ఆకాశానికి వదిలేసి చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. వంద మీటర్ల పైన గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. పైకి పోతే చలి అనే నియమం తలకిందులవుతుంది. దీన్నే ఉష్ణోగ్రత విలోమం అంటారు. వంద మీటర్లలో 5 డిగ్రీలు పెరిగితే జవాబు 0.52. బండి చక్రం ఇసుకలో మరీ లోతుగా దిగింది. 13 డిగ్రీలు పెరిగితే జవాబు 1. అప్పుడు బండి చెరువు కట్ట మీద పోయినట్టు భూమి ఒంపు వెంటే పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం తారు రోడ్డు మీద దీనికి పూర్తిగా వ్యతిరేకం. నేల దగ్గరి గాలి మాడిపోయి పలచబడుతుంది, కిరణం పైకి ఒంగుతుంది, రోడ్డు మీద నీళ్లు కనిపిస్తాయి. ఎండమావి.

చలికాలం రాత్రి, మామూలుగా కనిపించని అవతలి ఊరి దీపం కొన్ని రాత్రులు పొలాల మీద తేలుతూ కనిపించడం, కదలడం, మాయమవడం ఇలాగే జరుగుతుంది. మా చిన్నప్పుడు దాన్ని కొరివి దయ్యం అనేవాళ్లు. అన్ని కొరివి దయ్యాలకూ ఇదే కారణమని నేననను, కొన్ని కచ్చితంగా బీడీ ముట్టించుకున్న మనుషులు. కానీ సిక్దార్ పై అధికారి జార్జ్ ఎవరెస్ట్ ఈ దయ్యాన్నే ఉద్యోగంలో పెట్టుకున్నాడు. అంతకు ముందు, ఈ సర్వే మొదలుపెట్టిన విలియం లాంబ్టన్ కాలంలో గాలి శుభ్రంగా ఉంటుందని వానాకాలంలో సర్వే చేసేవాళ్లు. దానికి మూల్యం జ్వరాలు. ఎవరెస్ట్ తానే 1820లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరం పడి, కోలుకోవడానికి దక్షిణాఫ్రికాలోని కేప్‌కి పోవాల్సి వచ్చింది. సర్వే పగ్గాలు చేతికొచ్చాక పనిని పొడి కాలానికి, దీపాలు పెట్టి రాత్రిపూటకు మార్చాడు. పగలు ధూళిలో, అలల్లా ఆడే గాలిలో కనిపించని గురుతు రాత్రి దీపమై పైకి లేచి కనిపిస్తుంది.

రాత్రి దీపాలు అడ్డుకోణాలకే. ఎత్తు కొలిచే నిలువు కోణాలు మాత్రం మధ్యాహ్నం దాటాకే తీసేవారు. వక్రీభవనం అప్పుడే అతి తక్కువ, అతి నిలకడ. వీలైతే రెండు కొండల మీంచీ ఒకదాన్నొకటి చూసుకునేవారు. ఇటు నుంచి ఎంత ఎత్తి చూపిస్తే అటు నుంచీ దాదాపు అంతే, కాబట్టి తేడా తీస్తే గాలి అల్లరి కొట్టుకుపోతుంది. కొట్టుకుపోయిన ఆ ముక్కను పారేయకుండా దాచుకుంటే? అది రెండు కొండల మధ్య గాలి ఉష్ణోగ్రత ఎలా పేరుకుని ఉందో చెప్పే కొలత. మ్యాపు గీసేవాడికి చెత్త, గాలి చదివేవాడికి డేటా.

ఇప్పుడు మీ అమ్మాయి ఆఫీసుకు వద్దాం. పొగ పైకి లేస్తూ వంద మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలి అంతకంటే చల్లగా ఉంటే పొగ ఇంకా లేస్తుంది. విలోమం ఉన్న రోజు చుట్టూ ఉన్న గాలి పైకి పోయేకొద్దీ వెచ్చన. పొగే చల్లన, పొగే బరువు. లేవలేక అక్కడే పక్కలకు పరుచుకుంటుంది. కుండ మీద మూత. అదే సూత్రంలోని అదే అంకె, మీటరు పైకి పోతే ఉష్ణోగ్రత ఎంత మారుతుంది అన్నది. కిరణాన్ని వంచేదీ అదే, పొగను తొక్కిపట్టేదీ అదే. మధ్యాహ్నం వెయ్యి మీటర్ల ఎత్తుదాకా కలిసిపోయే పొగ, తెల్లారుజామున రెండొందల మీటర్లలో ఇరుక్కుందనుకోండి. ఒక్క బండి కూడా అదనంగా రోడ్డెక్కకుండానే మనం పీల్చేది అయిదు రెట్లు చిక్కన. 1952 డిసెంబరులో లండన్‌లో అయిదు రోజులు ఈ మూత లేవలేదు. వేలమంది చనిపోయారు. చుట్టూ కొండలున్న ఊళ్లకు ఇది ఇంకా కష్టం. విశాఖపట్నంలో కైలాసగిరి కొండల వరసకూ యారాడ కొండకూ మధ్య ఉన్న లోతట్టును గాలి శాస్త్రజ్ఞులు గిన్నె అంటారు. మూత పడితే గిన్నెకు పడినంత బిగువుగా ఇంకెక్కడా పడదు.

గమనించారా, సర్వేయర్ ఎంచుకున్న వేళ, గాలి సాధారణంగా శుభ్రంగా ఉండే వేళ ఒకటే: మధ్యాహ్నం దాటాక. గడియారం కూడా ఇద్దరికీ ఒకటే.

సిక్దార్ పరిశీలనాలయంలో ఏం చేశాడంటే గంటగంటకూ రీడింగులు తీయించాడు, వాటిని సరిదిద్దాడు. బారోమీటరులో పాదరసం వేడికి వ్యాకోచిస్తుంది. 760 మిల్లీమీటర్ల స్తంభం 30 డిగ్రీల దగ్గర సుమారు 3.7 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ఎత్తు లెక్కలో అది దాదాపు 40 మీటర్ల తప్పు. తుపాను లెక్కలోనైతే రాబోయే తుపానును దాచిపెట్టేంత తప్పు. రీడింగులన్నిటినీ మంచు కరిగే ఉష్ణోగ్రతకు దించి చెప్పే సూత్రాలు ఆయన తయారుచేశాడు. కొండ నుంచి వచ్చిన కిరణంలోంచి గాలిని తీసేసిన చేతికి, పాదరసంలోంచి వేడిని తీసేయడం కొత్త పనేమీ కాదు.

1851లో వచ్చిన సర్వే మాన్యువల్‌లో సాంకేతిక అధ్యాయాలు ఆయనవి. ముందుమాటలో పేరూ వేశారు. 1870లో ఆయన పోయాక, 1875 ముద్రణలో అధ్యాయాలు ఉంచి పేరు తీసేశారు. అప్పటి పత్రికల్లో ఇంగ్లీషువాళ్లే దీన్ని తిట్టిపోశారు.

ఇప్పుడు బేగంపేట నుంచి రోజూ పొద్దున అయిదున్నర రీడింగు కోసం ఒక బెలూన్ లేస్తుంది. అది ఉష్ణోగ్రతను మీటరు మీటరుకూ చెబుతుంది. మీ అమ్మాయి బృందం ఆ గీతలో ఒంపు ఎక్కడుందో చూసి మూత ఎత్తు గుర్తిస్తుంది. మూత ఎత్తుకు కంటూర్ గీతలు గీసేది మళ్లీ మ్యాపు మనిషే.

బెలూన్ లేకపోయినా కొంత తెలుస్తుంది. మొన్న భోగి నాడు తెల్లారి ఆరున్నరకు మా వీధి మంటల పొగ, ఎవరో స్కేలు పెట్టి కొట్టినట్టు అడ్డంగా, వీధి చివరి నీళ్ల ట్యాంకు నడుము దగ్గర ఆగి ఉంది. ఎనిమిదిన్నరకు ట్యాంకు మూతను దాటింది. పిల్లలు పిడకల దండలన్నీ వేసేసి స్నానాలకు పోయారు, మంట ఆరిపోయింది. నేను మాత్రం పెన్సిలుతో కిటికీ ఊచ మీద గుర్తులు పెడుతూ నిలబడ్డాను. పదింటికి గీత కనిపించలేదు.