గట్టిగా బిగిస్తే పళ్లు త్వరగా జరుగుతాయా?

మా అక్క కూతురికి పోయినేడు హనుమకొండలో పళ్లకు క్లిప్పులు వేయించాం. ఒకసారి చెకప్‌కు తోడు వెళ్తే, మాకంటే ముందు వచ్చిన ఒక తండ్రి డాక్టర్‌ను బతిమాలుతున్నారు: "సార్, జర గట్టిగా బిగించుండ్రి. ఎండకాలం సెలవుల్లోపే అయిపోవాలె." ఆయన తొందర నాకు అర్థమైంది. కానీ ఇక్కడ తొందర పనికిరాదు. ఎందుకో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

పన్నును తీగ లాగేస్తుందని చాలామంది అనుకుంటారు. తీగ ఒత్తిడి మాత్రమే పెడుతుంది. దారి ఇవ్వాల్సింది దవడ ఎముక. పన్ను గోడలో దిగగొట్టిన మేకులా ఉండదు. వేరు చుట్టూ మిల్లీమీటరులో అయిదో వంతు మందంతో ఒక నారల పొర ఉంటుంది, పన్నును ఎముకకు కట్టి ఉంచేది అదే. తీగ నొక్కిన వైపు ఆ పొర నలుగుతుంది, ఎముకను కరిగించే కణాలు అక్కడికి చేరతాయి. వెనకవైపు నారలు సాగిన చోట మరో రకం కణాలు కొత్త ఎముకను పోస్తాయి. ముందు గోడ తవ్వుతూ, వెనక గోడ కడుతూ పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. అందుకే మొత్తం పనికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది.

మరీ గట్టిగా బిగిస్తే ఆ పొరకు రక్తం అందదు. అక్కడి కణాలు చనిపోయి, పన్ను కొన్ని వారాలపాటు ఉన్నచోటే ఆగిపోతుంది. వేరు కొన అరిగి పొట్టిదయ్యే ప్రమాదం కూడా పెరుగుతుంది. కాబట్టి మొదట్లో వేసే తీగ దారంలా సన్నగా ఉంటే డాక్టర్ పని తక్కువ చేశారని అనుకోకండి. అది తరచుగా నికెల్, టైటానియం కలిసిన లోహం. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పుట్టిన ఈ లోహం 1970లలో పళ్ల వైద్యంలోకి వచ్చింది. ఎంత వంచినా మెల్లగా తన ఆకారానికి తిరిగి వస్తూ, పన్నును సున్నితంగా తోస్తుంది. బిగించాక రెండు మూడు రోజులు నొప్పి మామూలే.

పెద్దవాళ్లూ వేయించుకోవచ్చు, చిగుళ్లు గట్టిగా ఉంటే చాలు. పెళ్లి కుదిరాక నాలుగు నెలల్లో కావాలంటే మాత్రం కుదరదు. డాక్టర్ బి.డి.ఎస్. (పళ్ల వైద్యం డిగ్రీ) తర్వాత మూడేళ్లు పళ్లను వరుసలోకి తెచ్చే విభాగంలోనే (ఆర్థోడాంటిక్స్) ఎం.డి.ఎస్. అనే పై చదువు చేసినవారేనా అని అడగండి, అది మీ హక్కు. పళ్లు తీయాలంటే ఎందుకో ఎక్స్‌రేలో చూపించమనండి. భూపాలపల్లి నుంచో మహబూబాబాద్ నుంచో వచ్చేవాళ్లు నెలనెలా బస్సు ప్రయాణాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఇక తిండి. సంక్రాంతికి సకినాలు, బతుకమ్మకు పల్లి ముద్దలు, మేడారం నుంచి తెచ్చిన బెల్లం గడ్డ, వానాకాలం కాల్చిన మక్క కంకి... వద్దనడం నాకూ బాధే. కానీ కరకర కొరికితే పన్నుకు అంటించిన బిళ్ల ఊడుతుంది. మళ్లీ అంటించేదాకా ఆ పన్ను పని ఆగిపోతుంది. సకినాలు పొడి చేసుకుని, మక్క గింజలు ఒలిచి ఉడకబెట్టుకుని తినొచ్చు. సర్వపిండి మెత్తటి నడిమి భాగం మీది, కరకరలాడే అంచులు ఇంట్లోవాళ్లకు ఇవ్వండి.

బిళ్లల చుట్టూ పాచి నిలిస్తే నెలరోజుల్లోనే పంటిపై తెల్ల మచ్చలు మొదలవ్వొచ్చు. క్లిప్పులు తీశాక పళ్లు వరుసలో ఉండి కూడా మచ్చలు మిగిలితే ఎంత బాధ! తిన్న ప్రతిసారీ ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవాలి, తీగ కింద చిన్న బ్రష్ పెట్టి శుభ్రం చేసుకోవాలి.

అందరూ మరిచేది చివరి భాగం, రిటైనర్. అంటే క్లిప్పులు తీశాక పళ్లు మళ్లీ జరగకుండా పెట్టుకునే పట్టీ. క్లిప్పులు తీసిన రోజుకు పళ్లు చక్కగా ఉన్నా ఎముక ఇంకా గట్టిపడదు. చిగుళ్లలోని సాగే నారలు కొత్త చోటికి అలవాటు పడటానికి ఏడాది దాకా పడుతుంది. అంతవరకు పళ్లను పాత చోటికే లాగుతుంటాయి. ఆ తర్వాత కూడా డాక్టర్ చెప్పినన్నాళ్లు రాత్రిళ్లు రిటైనర్ పెట్టుకోవాల్సిందే. పెళ్లి భోజనాల్లో దాన్ని తీసి విస్తరి పక్కన కాగితంలో చుట్టి పెడితే ఎంగిలాకులతోపాటే పోతుంది. డబ్బా వెంట ఉంచుకోండి. వేడినీళ్లలో కడిగితే దాని ప్లాస్టిక్ వంకర తిరుగుతుంది, చన్నీళ్లే వాడండి.