రీలు డబ్బాలో పులుపు వాసన

పాత మైక్రోఫిల్మ్ రీలు డబ్బా మూత తీయగానే వెనిగర్ సీసా తెరిచినట్టు గుప్పున వాసన వస్తే, ఫిల్ము పాడవడం మొదలైనట్టే. అక్షరాలు ఇంకా శుభ్రంగా కనిపిస్తూ ఉండవచ్చు. ఈ జబ్బును చాలాసార్లు కంటికన్నా ముందు ముక్కే పసిగడుతుంది.

దినపత్రిక కాగితం కొన్ని దశాబ్దాల్లోనే పసుపు పచ్చబడి, పట్టుకుంటే పెళపెళా విరిగిపోతుంది. అందుకే గ్రంథాలయాలు పత్రికల పేజీలను బాగా చిన్నవి చేసి ఫిల్ముకెక్కించి దాచాయి. ఆ ఫిల్మే మైక్రోఫిల్మ్. వందడుగుల 35 ఎంఎం రీలు ఒక్కదానిలో వందల పేజీలు పడతాయి. అయితే 1980ల దాకా చాలా రీళ్లను సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్ మీద తీశారు. తేమ, వేడి తగిలితే ఆ ప్లాస్టిక్ నుంచి అసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది. వెనిగర్‌లో ఉండేదీ ఈ ఆమ్లమే. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. పుట్టిన ఆమ్లమే మిగతా ఫిల్మును ఇంకా వేగంగా విరగ్గొడుతుంది. చెంచాడు తోడు గిన్నెడు పాలను పెరుగు చేసినట్టే ఇదీ. పైగా ఆ ఆవిరి పక్క డబ్బాల్లోని రీళ్లకూ అంటుకుంటుంది.

దీని గురించి ఫిల్ములు తయారుచేసే కొడాక్ కంపెనీకి మొదట ఫిర్యాదు చేసింది భారత ప్రభుత్వమేనని చరిత్ర చెబుతోంది. 1948లో కొత్త రకం అసిటేట్ ఫిల్ము వచ్చిన పదేళ్లలోపే, మన ఉక్కపోతలో నిల్వ చేసిన ఫిల్ములు పాడయ్యాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలోనే కొత్త అసిటేట్ ఫిల్ముకు ఈ జబ్బు మొదలవడానికి సుమారు 40, 50 ఏళ్లు పడుతుందని అంచనా. మన ఎండాకాలపు గదిలో ఆ గడువు ఎంతో తగ్గిపోతుంది.

ముక్కును మాత్రమే నమ్ముకోనక్కర్లేదు. అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన ఏ-డి స్ట్రిప్ అనే చిన్న కాగితం ముక్కను డబ్బాలో ఉంచితే, ఆమ్లాన్ని బట్టి నీలం నుంచి ఆకుపచ్చకు, తర్వాత పసుపుకు మారుతుంది. పసుపు వచ్చిన రీలును ఆలస్యం చేయకుండా కాపీ చేయాలి. ఎందుకంటే ఆ తర్వాత ఫిల్ము కుంచించుకుపోతుంది, వంకర్లు తిరుగుతుంది, బొమ్మను మోసే జెలటిన్ పొర ముడతలు పడి ఊడొస్తుంది. పులిసిన పెరుగు మళ్లీ పాలు కానట్టే, పాడైన అసిటేట్‌ను తిరిగి బాగుచేసే మందు లేదు.

అందుకే ఇక్కడ మరమ్మతు అంటే ముఖ్యంగా వేగాన్ని తగ్గించడమే. చల్లగా, పొడిగా ఉంచాలి. జబ్బు పడిన రీళ్లను వేరే గదిలోకి మార్చాలి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే అలవాటు నాకు చాలా భయం కలిగిస్తుంది. వేడి, తేమ రోజూ పెరిగి తగ్గుతుంటే ఫిల్ముకు తెరిపి ఉండదు. శీతల గది నుంచి తెచ్చిన రీలును వెంటనే తెరవకూడదు. డబ్బాను సీలు చేసిన సంచిలోనే ఉంచి, గది వేడికి వచ్చాక తీయాలి, లేకపోతే గాలిలోని తేమ చల్లటి ఫిల్ము మీద నీరుగా మారుతుంది.

తెగిన ఫిల్మును అతికించడానికి మామూలు సెల్లోటేపు వాడొద్దు. దాని జిగురు కారి పక్క చుట్టలకు అంటుకుంటుంది. అసిటేట్‌ను ఫిల్ము సిమెంట్ అనే ద్రావకపు జిగురుతో అతికించవచ్చు గానీ, తర్వాత వచ్చిన పాలియెస్టర్ ఫిల్ము ఆ ద్రావకానికి కరగదు. దానికి చెవికి వినపడని ధ్వని తరంగాలతో అతికించే అల్ట్రాసోనిక్ యంత్రం కావాలి. ఫిల్ము మీది బొమ్మ సన్నటి వెండి రేణువులతో ఏర్పడుతుంది; రబ్బరు బ్యాండ్లలో ఉండే గంధకం ఆ వెండి బొమ్మను మచ్చలు చేస్తుంది, కాబట్టి రీలును ఆమ్లం లేని కాగితపు పట్టీతో చుట్టాలి. నాసిరకం అట్టపెట్టెల నుంచి వచ్చే వాయువులు సోకినా వెండి దెబ్బతిని, నెగెటివ్ మీద చిన్న ఎర్రటి చుక్కలు పడతాయి.

పాలియెస్టర్ మీద సరిగ్గా కడిగిన వెండి ఫిల్మును మంచి గదిలో ఉంచితే 500 ఏళ్లు నిలుస్తుందని అంచనా. అందుకే రీలును స్కాన్ చేశాక "ఇక దీంతో పనేముంది" అని మూల నెగెటివ్‌ను, అంటే కాపీలన్నిటికీ ఆధారమైన మొదటి ఫిల్మును, పారేయడం నాకు మింగుడుపడదు. పాఠకులు రోజూ తిప్పే కాపీ గీతలు పడ్డా, తెగినా ఇంకొకటి తీసుకోవచ్చు. మూల నెగెటివ్ పోతే, దాని కాగితపు ప్రతి ఎక్కడా మిగలకపోతే, ఆనాటి ఊళ్ల వార్తలు, ధరలు, చావు పుట్టుకల ప్రకటనలు దానితోనే పోతాయి. స్కాన్‌ను వాడుకోనిద్దాం, నెగెటివ్‌ను చల్లటి గదిలో ఉంచుదాం. ఏడాదికోసారైనా ప్రతి డబ్బా మూత తీసి వాసన చూద్దాం.