గాలిలో కణాలు: నాకు రోజూ వినపడే అపోహలు, అసలు సంగతులు

నా పని గాలిలో ఉండే కణాల్ని కొలవడం. ఫిల్టర్లు తూకం వెయ్యడం, సెన్సార్లు సరిచూడటం, వచ్చిన నంబర్లు నమ్మొచ్చా లేదా అని తల పట్టుకోవడం. నేను ఈ పని చేస్తానని తెలియగానే జనం అడిగేవి దాదాపు ఒకటే రకం, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: కంట్లో పడే దుమ్మే ప్రమాదం, ఆకాశం నీలంగా ఉంటే గాలి బావున్నట్టే

పెద్ద దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, తుమ్మో దగ్గో వచ్చి పోతుంది. అసలు గొడవంతా పీఎం 2.5 తో (పీఎం అంటే గాలిలోని కణాలకి ఇంగ్లీషు పొట్టిపేరు), అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి; మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ఇవి ఎంత చిన్నవో మీరే చూసుకోండి. ఇవి ఊపిరితిత్తుల చివర గాలి సంచుల దాకా వెళ్లిపోతాయి, మరీ చిన్నవైతే కొన్ని రక్తంలోకి కూడా దిగుతాయి, అందుకే ఆస్తమా ఒక్కటే కాదు గుండెపోటు, పక్షవాతం లెక్కల్లో కూడా వీటి పేరు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2013లోనే వీటిని పొగాకు ఉన్న గ్రూప్ 1 జాబితాలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో పెట్టింది. అదే సంస్థ 2021లో ఏడాది సగటు పరిమితిని ఘనపు మీటరుకి 10 మైక్రోగ్రాముల నుంచి 5కి దించింది. 20 ఉన్న రోజు కూడా ఎండ బాగా కాస్తుంటే కంటికి ఏమీ తేడా తెలీదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పీఎం అంటే మేం చూసేది బరువు. 24 గంటలు గాలి లాగిన టెఫ్లాన్ ఫిల్టర్ బయటికి తీస్తే గుండ్రంగా ఒక బూడిదరంగు మచ్చ, అంతే. దాన్ని తేమ మారని గదిలో ఒక రోజు ఉంచి, దానికి అంటుకున్న స్టాటిక్ కరెంటు తీసేసి తూస్తే, గాలి కాస్త బావున్న చోట పెరిగిన బరువు అర మిల్లీగ్రాము కూడా ఉండదు. ఇప్పుడు లెక్క చూడండి, 10 మైక్రాన్ల కణం ఒక్కటి ఎంత తూగుతుందో 0.1 మైక్రాన్ కణాలు పది లక్షలు కలిపి అంతే తూగుతాయి, కానీ ఆ పది లక్షల ఉపరితలం కలిపితే 100 రెట్లు! అతి చిన్నవి తూకంలో దాదాపు కనపడనే కనపడవు. అందుకే బరువు ఒక్కటే చూసి గాలికి సర్టిఫికెట్ ఇవ్వడం నాకు నచ్చదు.

అపోహ: కణాలు మాస్క్ రంధ్రాల కంటే చిన్నవి, కాబట్టి దూరిపోతాయి

ఇది వినీ వినీ విసుగొచ్చింది. ఫిల్టర్ జల్లెడ కాదండీ. పెద్ద కణాలు గాలితో పాటు మలుపు తిరగలేక పోగులకి గుద్దుకుంటాయి, మరీ చిన్నవి అటూ ఇటూ వణుకుతూ తిరుగుతుంటాయి కాబట్టి ఎక్కడో ఒకచోట పోగుకి తగిలి అతుక్కుంటాయి, ఈ రెండింటికీ సరిగ్గా చిక్కనివి మధ్యలో 0.3 మైక్రాన్ దగ్గర ఉంటాయి, అందుకే గాలి శుభ్రం చేసే యంత్రాల్లో వాడే హెపా ఫిల్టర్‌ని ఆ సైజు దగ్గరే పరీక్షించి 99.97 శాతం ఆపుతుందా అని చూస్తారు. ఎన్95లో అదనంగా విద్యుత్ ఛార్జ్ ఉంటుంది, దాన్ని ఆల్కహాల్‌తో తుడిచారో ఆ ఛార్జ్ కాస్తా పోతుంది. ఇక ముక్కు పక్కన సందు ఉంటే ఎంత మంచి మాస్క్ అయినా దండగే.

అపోహ: వాన పడితే గాలి కడిగేసినట్టే

పెద్దవాటికి నిజం. 0.1 నుంచి 1 మైక్రాన్ మధ్యవి మాత్రం పడే చినుకు పక్కనుంచి తప్పించుకుపోతాయి. తలుపులేసుకుని ఇంట్లో కూర్చుంటే చాలు అనేది కూడా ఇలాంటిదే, వేపుళ్లు, కొవ్వొత్తులు లోపలే కణాలు పుట్టిస్తాయి, బయటివి కిటికీ సందుల్లోంచి వస్తూనే ఉంటాయి.

అపోహ: ఈ కణాలు భూమిని చల్లబరుస్తాయట, అయితే మంచిదేగా

సగం నిజం కాబట్టే ఇది ఎక్కువ తిరుగుతోంది. సల్ఫర్ వాయువు నుంచి పుట్టే సల్ఫేట్ కణాలు ఎండని వెనక్కి కొడతాయి, మేఘాల్ని ఇంకా తెల్లగా చేస్తాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం పేలాక భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ తగ్గింది, రెండు మూడేళ్లలో మళ్లీ మామూలే. డీజిల్ మసి లాంటి నల్ల కార్బన్ దీనికి పూర్తిగా రివర్స్, ఎండని పీల్చుకుంటుంది, మంచు మీద పడితే త్వరగా కరిగిస్తుంది. అన్నీ కలిపితే చల్లదనం వైపే మొగ్గు, ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021 అంచనాలో సుమారు 0.4 డిగ్రీలు, అందులోనూ అనిశ్చితి చాలా ఎక్కువ. కానీ కింది గాలిలో ఇవి ఉండేది కొన్ని రోజులు, మహా అయితే రెండు వారాలు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం వందల ఏళ్లు. పైగా ఆ చల్లదనం కోసం పీల్చాల్సింది మనం! 2020 నుంచి ఓడల ఇంధనంలో సల్ఫర్ పరిమితి 3.5 శాతం నుంచి 0.5కి దించారు, దాంతో ఓడల వెనక మేఘాల్లో కనిపించే తెల్లటి చారలు తగ్గాయి, ఆ కణాలు కప్పిపెట్టిన వేడి కొంత బయటపడుతుందని తెలిసి కూడా ఆ పని చెయ్యడం సరైనదే అని నా అభిప్రాయం.

చివరగా చిన్న సెన్సార్లు కొన్నవాళ్లకి ఒక మాట. అది తూకం వెయ్యదు, లేజర్ వెలుగు ఎంత చెదిరిందో చూస్తుంది. తేమ ఎక్కువగా ఉన్న తెల్లవారుజామున కణాలు నీళ్లు పీల్చి ఉబ్బితే నంబర్ ఊరికే పెరిగిపోతుంది, అప్పుడు కంగారు పడకుండా తేమ ఎంతుందో కూడా పక్కనే చూడండి.