ఆ మరక ఎవరి బిడ్డది?

ముప్పై ఏళ్ళ కిందట మాయమైన ఒకావిడ కేసును మళ్ళీ తెరిచి, శవం దొరక్కుండానే అది హత్య అని తేల్చిన వార్త చదివి ఒక పాఠకురాలు నన్నిలా అడిగారు: "పాత కారులో రక్తపు మరక దొరికిందన్నారు. కానీ పోల్చి చూడటానికి ఆ మనిషే లేదు కదా! అది ఆవిడ రక్తమేనని ఎలా చెప్పారు?"

ఈ మధ్య నాకు ఇంత మంచి ప్రశ్న రాలేదు. మనిషి లేకపోతే, ఎక్కడా నమోదు కాని వేలిముద్రను దేనితోనూ పోల్చలేం. రక్తం అలా కాదు. దానికి అమ్మానాన్నలుంటారు.

మరక ఎవరిదో తెలియకపోతే ఎంత ఘోరం జరుగుతుందో చెప్పడానికి ఒక్క పాత సంగతి చాలు. 1660లో ఇంగ్లండ్‌లోని చిప్పింగ్ క్యాంప్‌డెన్‌లో విలియం హారిసన్ అనే పెద్దాయన కనిపించకుండా పోయాడు. దారిలో ఆయన టోపీ, రక్తం అంటిన మెడపట్టీ దొరికాయి. ఆయన్ను చంపారని ఆయన నౌకరునూ, అతని తల్లినీ, సోదరుణ్ణీ, ముగ్గురిని ఉరితీశారు. 1662లో హారిసన్ నడుచుకుంటూ ఇంటికొచ్చాడు! ఆ తర్వాత చాలాకాలం శవం లేని కేసంటే ఇంగ్లండ్ న్యాయస్థానాలు వెనకాడాయి. ఆ భయాన్ని నమ్ముకునే 1949లో జాన్ జార్జ్ హేగ్ అనే అతను ఒక మహిళను చంపి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించాడు. శవం లేకపోతే కేసే లేదనుకున్నాడు. ఆమె పిత్తాశయ రాళ్ళు, కట్టుడు పళ్ళు ఆమ్లంలో కరగలేదు. అతన్ని అదే ఏడాది ఉరితీశారు.

సరే, మరక దగ్గరికి వద్దాం. కడిగేసిన మరకను లుమినాల్ అనే రసాయనం పట్టిస్తుంది. రక్తంలోని హీమ్‌లో ఉండే ఇనుము, పెరాక్సైడ్‌తో లుమినాల్ జరిపే చర్యను ఉసిగొల్పుతుంది. చీకట్లో నీలికాంతి వస్తుంది. నాకు భలే ఇష్టమైన విషయం ఏమిటంటే, తాజా రక్తం కన్నా ఎండి పాతబడిన రక్తం ఇంకా బాగా వెలుగుతుంది. కాలం గడిచేకొద్దీ హీమోగ్లోబిన్‌లోని ఇనుము ఫెర్రిక్ రూపానికి మారుతుంది, ఈ చర్యకు కావలసింది అదే. అయితే బ్లీచ్‌కీ రాగికీ కూడా లుమినాల్ వెలుగుతుంది. అందుకే వెలుగు కనిపించగానే రక్తమని రాసేయరు, వేరే పరీక్షలు చేస్తారు.

ఇక అసలు లెక్క. ఇది కాగితం మీద వేసుకుంటూ చదవండి.

మన డీఎన్‌ఏలో కొన్నిచోట్ల ఒక చిన్న ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది. దాన్ని ఎస్‌టీఆర్ అంటారు. ఎన్నిసార్లు వచ్చిందన్నదే మన అంకె. ప్రతి చోటా మనకు రెండు అంకెలు, ఒకటి అమ్మ ఇచ్చింది, ఇంకోటి నాన్న ఇచ్చింది. అమ్మ అంకెలు 12, 15 అనీ, నాన్నవి 9, 14 అనీ అనుకుందాం. బిడ్డకు 12-9, 12-14, 15-9, 15-14, ఈ నాలుగింట్లో ఒకటే రావాలి. మరకలో 15-9 కనిపించింది. వాళ్ళ బిడ్డకు అది వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మరి ఎవరో దారిన పోయే మనిషికో? జనంలో 15, 9 అంకెల వాటా పదేసి శాతం అనుకుంటే, రెండూ కలిసి రావడానికి 2 × 0.1 × 0.1, అంటే యాభైలో ఒకటి. నాలుగింట ఒకటిని యాభైలో ఒకటితో భాగిస్తే 12.5. అంటే ఆ రక్తం ఎవరో ఒకరిది అనుకోవడం కంటే ఈ దంపతుల బిడ్డది అనుకుంటే, ఈ ఫలితం రావడానికి 12.5 రెట్లు ఎక్కువ వీలుంది.

ఒక్కచోట 12.5 అంటే ఏమంత కాదు. కానీ వేరువేరు చోట్ల అంకెలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయి కాబట్టి గుణించుకుంటూ పోవచ్చు. మూడు చోట్లకు 1,953. అయిదు చోట్లకు మూడు లక్షలు దాటుతుంది. పది చోట్లకు 9,313 కోట్లు! అమెరికాలో 2017 నుంచి 20 చోట్లు చూస్తున్నారు. ఒకచోట అంకె కుదరకపోయినా వెంటనే కొట్టేయరు. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చేటప్పుడు వెయ్యిసార్లలో ఒకటి రెండు సార్లు అంకె ఒకటి పెరగడమో తగ్గడమో మామూలే, దాన్నీ లెక్కలో కలుపుతారు. బడిలో మెండెల్‌ను జీవశాస్త్రంలోనూ సంభావ్యతను గణితంలోనూ విడివిడిగా చెప్పి వదిలేస్తాం. ఈ ఒక్క లెక్కతో రెండూ కలిపి చెబితే పిల్లలు జన్మలో మర్చిపోరు.

1988 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని మెర్సీసైడ్‌లో ఆఫీసు నుంచి ఇంటికొస్తూ మాయమైన 22 ఏళ్ళ అమ్మాయి కేసులో జరిగింది ఇలాంటి పోలికే. కాకపోతే అప్పటికి ఎస్‌టీఆర్ పద్ధతి లేదు. బ్రిటిష్ శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ కనిపెట్టిన డీఎన్‌ఏ పట్టీల పద్ధతి అప్పుడప్పుడే కోర్టులకొస్తోంది. నిందితుడి కారులో దొరికిన రక్తాన్ని ఆమె తల్లిదండ్రుల రక్తంతో పోల్చారు. 1989లో శిక్ష పడింది. అతను శవాన్ని ఎక్కడ దాచాడో చెప్పకుండానే 2022లో చనిపోయాడు. ఆ తల్లి పోరాటం వల్లే, శవం ఆచూకీ చెప్పని ఖైదీ మౌనాన్ని విడుదలప్పుడు లెక్కలోకి తీసుకోవాలని 2020లో అక్కడ చట్టం వచ్చింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ లెక్క "వీళ్ళ బిడ్డ" అని చెబుతుందే తప్ప "ఈ బిడ్డే" అని చెప్పదు. ఆమె అక్కకో తమ్ముడికో ఆ కారులో వేలు తెగి ఉండొచ్చు. అందుకే తోబుట్టువులందరి నమూనాలూ తీసుకుని, మరక వాళ్ళది కాదని విడిగా తేల్చాలి. ఇంకో సంగతి, రక్తం ఎవరిదో డీఎన్‌ఏ చెబుతుంది, ఆ మనిషి చనిపోయిందని చెప్పదు. దానికి రక్తం ఎంత పోయిందో చూడాలి (పెద్దవాళ్ళ ఒంట్లో ఉండేది సుమారు అయిదు లీటర్లే), బ్యాంకు ఖాతాల మౌనం చూడాలి. సిడ్నీలో 1982లో మాయమైన ఒక గృహిణి కేసులో శవం దొరకలేదు; ఇలాంటి పరోక్ష సాక్ష్యాలతోనే 2022లో భర్తను దోషిగా తేల్చారు. దివ్యదృష్టితో శవం ఎక్కడుందో చూపిస్తామనేవాళ్ళ దగ్గరికి కుటుంబాలు వెళ్తుంటాయి. వాళ్ళ బాధను నేను తప్పుపట్టను, కానీ అలా పోయే ప్రతి ఏడాదీ ఈ లెక్కలోంచి ఒక మనిషి తగ్గిపోవచ్చు.

ఎలాగో చూడండి. నాన్న చనిపోయాడు, అమ్మ ఒక్కతే ఉంది. పై లెక్కలో 15 అమ్మదని తెలుసు, 9 ఎవరిదో తెలియదు. ఒకచోటికి బలం 12.5 నుంచి 2.5కి పడిపోతుంది. పది చోట్లకు 9,313 కోట్ల బదులు సుమారు 9,500 మాత్రమే వస్తుంది. 20 చోట్లు చూస్తే మళ్ళీ తొమ్మిది కోట్లకు చేరుతుంది, కానీ ముప్పై ఏళ్ళ మరకలో వేడికీ తేమకూ డీఎన్‌ఏ ముక్కలైపోయి 20 చోట్లు చదవగలగడమే కష్టం. అప్పుడు నాన్న అంటించిన పాత ఉత్తరం కవర్లు, ఆసుపత్రిలో ఎప్పుడో తీసి మైనంలో దాచిన ఆయన కండ ముక్క వెతుకుతారు.

అవీ లేకపోతే? మాయమైనది ఆడమనిషి, ఆమెకు సొంత చెల్లెలుంది అనుకుందాం. మగవాడికి ఎక్స్ క్రోమోజోమ్ ఒక్కటే కాబట్టి, ఆయన దాన్ని కూతుళ్ళందరికీ దాదాపు మార్పు లేకుండా ఇస్తాడు. చెల్లెలి ఎక్స్ అంకెల్లోంచి అమ్మవి తీసేస్తే చాలాచోట్ల మిగిలేవి నాన్నవే. మరకలో దాదాపు ఆ చోట్లన్నిటా ఆ అంకె ఉండాలి. ఆయన పోయి ఎన్నేళ్ళయినా సరే, చెల్లెలి బుగ్గ లోపల దూదిపుల్లతో ఒక నిమిషం రుద్దితే అది దొరుకుతుంది.