మట్టి మ్యాపుల్లో ఖాళీ గళ్లు: అపోహలు - వాస్తవాలు

నల్గొండ చుట్టుపక్కల మండలాల్లో మట్టి పరీక్షల ఫలితాలను మ్యాపులుగా గీయడం నా పని. ఊరి భూములను గళ్లుగా విడగొట్టి, గడికో నమూనా తీసి, ల్యాబ్ నుంచి వచ్చిన అంకెలను గ్నూప్లాట్ (అంకెలను గ్రాఫులుగా, మ్యాపులుగా గీసే సాఫ్ట్‌వేర్) స్క్రిప్టుకు ఇస్తాను. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకం నడిచేదీ ఈ పద్ధతిలోనే: నీటి వసతి ఉన్నచోట 2.5 హెక్టార్లకు ఒక గడి, వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒకటి. అంటే గడి ఒక్కో వైపు సుమారు 158 మీటర్లు, లేదంటే 316 మీటర్లు. కాగితం మీద గళ్లన్నీ నిండుగానే ఉంటాయి. పొలంలోకి దిగాక మాత్రం ఎప్పుడూ నిండవు. మధ్యలో గుట్ట అడ్డం వస్తుంది, చెరువు శిఖం వస్తుంది, వానకు సంచి మీది చీటీ తడిసి నంబరు చెరిగిపోతుంది. ఆ ఖాళీలను ఏం చేయాలన్న దగ్గరే మ్యాపులు తప్పుదారి పడతాయి.

అపోహ: విలువ లేని చోట సున్నా వేస్తే సరిపోతుంది

ఇది నేను చేసిన తప్పే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. దేవరకొండ వైపు ఒక ఊళ్లో జింక్ మ్యాపును గోడకు అంటించి రైతులకు చూపిస్తున్నాను. ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, తన భూమి ఎక్కడో వెతుక్కుని, దాని మీద వేలు పెట్టి అడిగాడు: "బిడ్డా, నా చెలకల మట్టే తియ్యలేదు గదా. మరి ఈ ఎర్ర రంగు ఏడికెల్లి వచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం ఫైలు తెరిచి చూస్తే ఆయన గడిలో సున్నా ఉంది. ఖాళీ గళ్లన్నింటినీ ఒక్కసారిగా సున్నాలతో నింపింది నేనే, స్క్రిప్టు ఆగకుండా నడవాలని. డీటీపీఏ పద్ధతిలో (మట్టిలో మొక్కకు అందే జింక్‌ను కొలిచే ల్యాబ్ పద్ధతి) జింక్ 0.6 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 0.6 పాలు, కంటే తక్కువ ఉంటే లోపం ఉన్నట్టు లెక్క. సున్నా అంటే ఇక దానికంటే తక్కువ లేదు. కొలవని నేలను ఊళ్లోనే అధ్వానమైన నేలగా చూపించాను. పైగా పక్క గళ్ల విలువలు ఒకదాంట్లో ఒకటి కలిసేలా ఆ మ్యాపుకు నునుపుదనం కూడా ఇచ్చాను కాబట్టి, నిజంగా కొలిచిన పక్క చెలకలు సైతం ఎర్రబడ్డాయి. అప్పటికే ఒకరిద్దరు జింక్ సల్ఫేట్ ఎన్ని కిలోలు తేవాలని అడిగి వెళ్లారు. వరికైతే ఎకరాకు 20 కిలోలు చెబుతాం. ఆ ఖర్చు నా సున్నా వల్ల వాళ్ల మీద పడేది. మర్నాడే వెళ్లి ఆ మ్యాపు తీసేశాను.

సున్నా ఒక కొలత. ఖాళీ అంటే కొలత లేకపోవడం. ఫైల్లో విలువ లేని చోట ప్రశ్నార్థకం గుర్తు పెట్టి, స్క్రిప్టు మొదట్లో సెట్ డేటాఫైల్ మిస్సింగ్ అన్న ఆదేశంతో ఆ గుర్తును గ్నూప్లాట్‌కు చెప్పాలి. ఆ స్థానాన్ని ఊరికే ఖాళీగా వదిలేస్తే ఇంకో ప్రమాదం ఉంది. నిలువు వరుసల మధ్య స్పేసు మాత్రమే ఉన్న ఫైల్లో గ్నూప్లాట్‌కు ఖాళీ కనబడదు, దాని తర్వాతి అంకె ముందుకు జరుగుతుంది. జింక్ లేని చోట ఇనుము విలువ జింక్ అయి కూర్చుంటుంది. కామాలతో విడదీసిన ఫైలు అయితే, సెపరేటర్ కామా అని ముందే చెబితే, ఈ బాధ ఉండదు.

ల్యాబ్ వాళ్లు 'గుర్తించగలిగే స్థాయి కంటే తక్కువ' అని రాసి పంపే నమూనాలు వేరు. అవి ఖాళీలు కావు, కొలిచినవే. వాటిని ప్రశ్నార్థకంలో కలిపేస్తే నిజమైన లోపాన్ని దాచినట్టవుతుంది.

అపోహ: డేటా లేని లైన్లు తీసేస్తే మిగతాది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది

చూసుకోదు. గ్నూప్లాట్‌లో ఒక్కో విలువను ఒక్కో రంగు గడిగా పరిచే విత్ ఇమేజ్ పద్ధతి పూర్తి దీర్ఘచతురస్రం కావాలంటుంది. అడ్డంగా 12, నిలువుగా 9, మొత్తం 108 గళ్లు అనుకోండి. 14 లైన్లు తీసేస్తే 94 మిగులుతాయి. అవి 12 చొప్పున వరుసల్లో సర్దుకోవు, గ్నూప్లాట్ హెచ్చరిక ఇస్తుంది. అది మన అదృష్టం. సరిగ్గా 12 లైన్లు పోయాయనుకోండి. 96 మిగులుతాయి, 12 చొప్పున 8 వరుసలుగా చక్కగా సర్దుకుంటాయి. హెచ్చరిక ఏమీ లేకుండానే ఒకరి పొలం విలువ ఇంకొకరి గడిలోకి జరిగిపోవచ్చు. బొమ్మ చూడ్డానికి బాగానే ఉంటుంది, అందుకే నాకు ఈ రెండోదంటేనే టెన్షన్.

బిందువుల మధ్య జాగాకు రంగు నింపే పీఎం3డీ పద్ధతిలోనూ ఇంతే. ఒక వరుసలో ఒక బిందువు తక్కువైతే, ఆ వరుసలోని ఐదో బిందువును పై వరుసలోని ఐదో బిందువుతో కలుపుతుంది. అవి నేల మీద ఎదురెదురుగా ఉన్నాయా లేదా అన్నది దానికి తెలియదు. లైను తీసేయకండి. అక్షాంశ రేఖాంశాలు ఉంచి, విలువ దగ్గర మాత్రమే గుర్తు పెట్టండి; విత్ ఇమేజ్‌కైతే ప్రశ్నార్థకం బదులు NaN అని రాయండి.

అపోహ: పీఎం3డీలో ఒక విలువ లేకపోతే ఒక గడే పోతుంది

అంచున ఉన్నది కాకపోతే నాలుగు పోతాయి. పీఎం3డీ బిందువుకు రంగు వేయదు, నాలుగు బిందువుల మధ్య ఉన్న చతురస్రానికి వేస్తుంది. మూలల్లో ఒక్కటి లేకపోయినా ఆ చతురస్రాన్ని వదిలేస్తుంది. 12 × 9 బిందువులకు వచ్చేది 11 × 8 చతురస్రాలే. ఒక్క చీటీ తడిస్తే నాలుగు గళ్ల మేర తెల్లబోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అందుకే నేను బాక్స్ఎక్స్‌వైఎర్రర్ వాడతాను: ప్రతి నమూనా చుట్టూ దానిదైన పెట్టె, ఇటు 79 మీటర్లు, అటు 79 మీటర్లు. విలువ ఉన్నచోట పెట్టె వస్తుంది, లేనిచోట రాదు. ఒకరి లోటు పక్కవాళ్ల మీద పడదు.

అపోహ: డీగ్రిడ్3డీ ఖాళీలను సరిగ్గా నింపుతుంది

డీగ్రిడ్3డీ అంటే ఉన్న బిందువుల నుంచి లెక్కగట్టి పూర్తి గ్రిడ్ తయారుచేసే గ్నూప్లాట్ ఆదేశం. ఎక్కువమంది నమ్మేది ఇదే, ఎందుకంటే ఫలితం నునుపుగా, అందంగా ఉంటుంది. మీరేమీ చెప్పకపోతే డీగ్రిడ్3డీ 10 × 10 గ్రిడ్ వేసి, ప్రతి చోటా అన్ని బిందువుల సగటు తీస్తుంది, దగ్గరివాటికి ఎక్కువ బరువు, దూరంవాటికి తక్కువ. ఊరి అవతలి కొసన ఉన్న నమూనా కూడా ఎంతోకొంత లాగుతుంది. ఎత్తులు తగ్గుతాయి, పల్లాలు పూడుకుపోతాయి, అంతా సగటు వైపు జారుతుంది. గ్రిడ్ బిందువు మీ నమూనా మీద పడకపోతే మీరు నిజంగా కొలిచిన విలువ కూడా మ్యాపులో కనబడకపోవచ్చు. అందులోనే స్ప్లైన్స్ (బిందువుల గుండా వంపు తిరిగే ఉపరితలం గీసే పద్ధతి) ఎంచుకుంటే నమూనాల విలువలకు కట్టుబడుతుంది గానీ వాటి మధ్య ఎగిరి దూకుతుంది. ఒకసారి నాకు మైనస్ జింక్ వచ్చింది. అలాంటి నేల ఎక్కడా ఉండదు.

అసలు చిక్కు లెక్కలో లేదు, మన నేలలో ఉంది. వాగుకు ఇవతల ఎర్ర చెలక, అవతల నల్ల రేగడి ఉన్న ఊళ్లు ఇక్కడ ఎన్నో. ఒకదాని స్వభావం వేరు, ఇంకోదాని స్వభావం వేరు. మధ్య గడి ఖాళీగా ఉంటే డీగ్రిడ్3డీ రెండింటి సగటు వేస్తుంది. అక్కడ నిలబడి చూస్తే సగటు నేల ఉండదు, ఇదో అదో ఉంటుంది. భూగర్భ జలమట్టం, వానపాతం లాంటివి నెమ్మదిగా మారేచోట ఈ పద్ధతి కొంత పనికొస్తుంది. వాడక తప్పదనుకుంటే ముందు ఒక పరీక్ష చేయండి: విలువ తెలిసిన పది గళ్లను కావాలని దాచి, సాఫ్ట్‌వేర్ అక్కడ ఏం నింపుతుందో చూసి, అసలు విలువలతో పోల్చండి. చెలక, రేగడి కలిసిన ఊళ్లలో ఆ తేడాలు చూశాక, నింపిన మ్యాపును రైతు చేతికి ఇవ్వడం మానేశాను.

అపోహ: మ్యాపు రెండు ముక్కలై వస్తే స్క్రిప్టులో తప్పుంది

మహబూబ్‌నగర్ వైపు పనిచేసేవాళ్లు ముందు కోఆర్డినేట్లు చూసుకోవాలి. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆ పట్టణం పక్కనుంచే పోతుంది, యూటీఎంలో (భూమిని జోన్లుగా విడగొట్టి స్థానాలను మీటర్లలో చెప్పే పద్ధతి) 43, 44 జోన్లు విడిపోయేదీ ఆ రేఖ దగ్గరే. నారాయణపేట 43లో, జడ్చర్ల 44లో పడతాయి. డిగ్రీలను మీటర్లలోకి మార్చేటప్పుడు ఏ బిందువును ఆ బిందువు జోన్‌లోనే మారిస్తే, పక్కపక్క పొలాల మధ్య 640 కిలోమీటర్ల ఖాళీ పుడుతుంది. అన్నింటినీ ఒకే జోన్‌లోకి మార్చండి.

అపోహ: ఖాళీలన్నీ ఒకటే

నా ఫైల్లో విలువ పక్కన ఇంకో నిలువు వరుస ఉంటుంది, ఖాళీకి కారణం రాయడానికి. బండ ఉండి మట్టే లేనిచోట 'రాయి'. ఆ రోజు నీళ్లు నిలిచి ఉంటే 'శిఖం'. పంట నిలబడి ఉండి తీయలేకపోతే 'పంట'. సంచి పోయినా, చీటీ చెరిగినా 'పోయింది'. రాయి ఉన్న గడికి మళ్లీ వెళ్లాల్సిన పని లేదు. శిఖానికి ఎండాకాలంలో వెళ్లాలి. 'పోయింది' అంటే తప్పు మనది, ముందు అక్కడికే వెళ్లాలి. అన్నింటినీ ఒకే తెల్ల రంగులో వదిలేస్తే ఇవేవీ తెలియవు.

గీసేటప్పుడు మొదట ఊరంతా లేత బూడిద రంగు పరుస్తాను, దాని మీద కొలిచిన పెట్టెలు, వాటిపైన ఖాళీలకు కారణాన్ని బట్టి చిన్న గుర్తులు. తెల్ల నేపథ్యం వద్దనడానికి కారణం ఉంది: కొన్ని పాలెట్లలో (విలువలకు రంగులిచ్చే వరుసల్లో) పై కొస దాదాపు తెల్లగా ఉంటుంది, అన్నింటికంటే మంచి నేలా, కొలవని నేలా ఒకేలా కనబడతాయి. రంగుల హద్దులను కూడా సెట్ సీబీరేంజ్‌తో స్థిరంగా పెట్టండి, లేకపోతే రెండు ఊళ్ల మ్యాపులు పక్కపక్కన పెట్టినా పోల్చలేరు.

దేవరకొండ ఊరికి కొత్త మ్యాపు గీసి మళ్లీ గోడకు అంటించాను. పెద్దాయన చెలక ఇప్పుడు బూడిద రంగులో ఉంది, దాని మీద 'పంట' గుర్తు. కంది కోత అయ్యాక కబురు చేస్తానన్నాడు.