చెక్కు ఎవరి పేరున వచ్చింది?

అమెరికాలో ఏ కౌంటీలో ఎవరికి ఎంత వ్యవసాయ సబ్సిడీ ముట్టిందో చూపే జాబితాలను ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ 2001లో ఇంటర్నెట్‌లో పెట్టింది. నాగలి పట్టనివారికి సర్కారు సొమ్ము ఎలా వచ్చిందని జనం అడిగారు. ఆ ప్రశ్న ఈ పథకాలు పుట్టిననాడే పుట్టింది.

1932లో పౌను పత్తి ఏడు సెంట్లు కూడా పలకలేదు. ధర లేవాలంటే పంట తగ్గాలన్నది అధ్యక్షుడు రూజ్వెల్ట్ ప్రభుత్వ ఆలోచన. 1933 మే నెలలో అందుకు చట్టం వచ్చేసరికే పత్తి మొలిచి ఉంది. కోటికి పైగా ఎకరాల్లో నిలబడ్డ పైరును దున్నించి పరిహారం ఇచ్చారు. మొక్క తొక్కకుండా నడవడమే నేర్చిన కంచర గాడిదలు మొక్కల వరుసల మీద నడవమని మొరాయించాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ మరుసటి ఏడాది నుంచి అసలు గొడవ మొదలైంది. పత్తి వేయకుండా వదిలిన భూమికి, అందులో మామూలుగా పండే పత్తి లెక్కన పౌనుకు మూడున్నర సెంట్ల చొప్పున ప్రభుత్వం ఇచ్చే అద్దె, దానిపైన మరో సెంటు. అద్దె మొత్తం భూస్వామికే. ఆ ఒక్క సెంటులోనే పాలుకు సాగుచేసేవాడికి సగం. అంటే నాలుగున్నర సెంట్లలో అరసెంటు, అదీ భూస్వామి చేతుల మీదుగా. భూమి తగ్గితే మనుషులూ అక్కర్లేదు కనుక కుటుంబాలను వెళ్లగొట్టారు. మన కౌలు రైతుల అవస్థ ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఆర్కాన్సా రాష్ట్రం పాయిన్‌సెట్ కౌంటీలో టైరాంజా అనే చిన్న ఊరుంది. అక్కడ బట్టలు శుభ్రంచేసే దుకాణం నడిపే హెచ్. ఎల్. మిచెల్, పక్కనే పెట్రోలు బంకున్న క్లే ఈస్ట్ ఇలా గెంటివేతకు గురైనవారి పక్షాన నిలిచారు. 1934 జూలైలో 11 మంది తెల్లవారు, ఏడుగురు నల్లవారు ఒక బడిలో కలిసి కూర్చుని దక్షిణ కౌలుదారుల సంఘం పెట్టారు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో అలా కలిసి కూర్చోవడమే పెద్ద సాహసం. ప్రభుత్వం భూస్వాములతో చేసుకున్న పత్తి ఒప్పందానికి ఉన్న కౌలుదారులనే కొనసాగించాలని అర్థం చెప్పిన వ్యవసాయ శాఖ న్యాయవాదులను 1935 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో ఉద్యోగాల నుంచి తీసేశారు. వ్యవసాయ మంత్రి హెన్రీ వాలెస్ భూస్వాముల పక్షాన ఉండిపోయారు.

1936 జనవరిలో సుప్రీంకోర్టు 1933 నాటి ఆ చట్టాన్ని కొట్టేసింది, 1938లో కొత్తది వచ్చింది. తర్వాత ఎన్ని చట్టాలు మారినా డబ్బు ఎకరాన్నే చూసింది. 1996లో ఇంకో అడుగు పడింది: ఒకప్పుడు సాగైన ఎకరాల లెక్క చూసి, ఇప్పుడు ఏమీ వేయకపోయినా ఏటా ఇంత అని కట్టబెట్టారు. టెక్సస్‌లోని ఎల్ కాంపో దగ్గర వరి మళ్లలో ఇళ్లు లేచాయి. ఆ ఇళ్లు కొన్నవారికి పచ్చిక పెరట్లతోపాటు వరి సబ్సిడీ కూడా దక్కింది. 2000 నుంచి సాగు చేయనివారికి కనీసం 130 కోట్ల డాలర్లు వెళ్లాయని వాషింగ్టన్ పోస్ట్ 2006లో రాసింది.

ఆ చెల్లింపులను 2014లో ఎత్తేశారు. వాటి స్థానంలో వచ్చిన పథకాలు ధర లేదా రాబడి పడిపోతేనే సొమ్ము ఇస్తాయి, కానీ లెక్క మాత్రం చాలావరకు ఆ పాత ఎకరాలదే.