డయల్ మీది పేరు కాదు, పెట్టె లోపల చూడండి: పాత అమెరికా నిలువు గడియారాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: వీటి అసలు పేరు గ్రాండ్‌ఫాదర్ క్లాక్.
ఆ పేరు 1876లో హెన్రీ క్లే వర్క్ రాసిన పాటతో పాకింది. మంచి గడియారాలు చేసినవాళ్ళు చాలామంది అప్పటికే పోయారు. వాళ్ళకిది ఎయిట్-డే క్లాక్, అంటే ఒకసారి కీ ఇస్తే 8 రోజులు నడిచే గడియారం, అంతే.

అపోహ: డయల్ మీద ఎవరి పేరుంటే మొత్తం వాళ్ళే చేశారు.
డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. యంత్రం ఒకరిది, పెట్టె వడ్రంగిది, డయల్ చాలాసార్లు ఇంగ్లండుది. బర్మింగ్‌హామ్‌లో ఆస్‌బోర్న్, విల్సన్ 1772లో తెల్లరంగు ఇనుప డయళ్ళు అమ్మకానికి పెట్టారు. తర్వాత అలాంటివి ఓడలెక్కి అమెరికా చేరాయి. డయల్‌కూ యంత్రానికీ మధ్యనున్న పోత ఇనుప పలక మీద ఆ పేర్లుంటే అవి డయల్ చేసినవాళ్ళవి. ముందువైపు పేరు అమెరికాలో రాసింది. మసాచుసెట్స్‌లోని రాక్స్‌బరీకి చెందిన గడియారాల తయారీదారు సైమన్ విల్లర్డ్ పేరుకు గిరాకీ ఎక్కువ కాబట్టి, దాన్ని తర్వాత రాయించినవాళ్ళూ ఉన్నారు. భూతద్దం పట్టండి. పాత రంగులోని సన్నటి పగుళ్ళు అక్షరాలను కూడా చీల్చుకుంటూ పోవాలి. సిరా పగుళ్ళలోకి దిగి ఉంటే ఆ పేరు నిన్నమొన్నటిదే.

ఆ తర్వాత టోపీలాంటి పైభాగాన్ని ముందుకు లాగి తీయండి. యంత్రం కూర్చున్న పలక కింద కొత్త చెక్కముక్కలు, పక్కపలకలకు అతుకులు, దేనికీ పనికిరాని స్క్రూ రంధ్రాలు కనిపిస్తే, ఎక్కడిదో యంత్రాన్ని ఎక్కడిదో పెట్టెలో కూర్చోబెట్టి ఉండొచ్చు.

అపోహ: పైనున్న అలంకారం చూసి ఏ ఊరిదో చెప్పేయొచ్చు.
చూడటానికి తేడాలున్న మాట నిజమే. రాక్స్‌బరీవైతే మహాగని చెక్క, పైన జాలీ చెక్కడం, మూడు ఇత్తడి కలశాలు, స్తంభాల గాడుల్లో ఇత్తడి కడ్డీలు. రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌వైతే తలుపు మీద ఆలుచిప్ప చెక్కడం. కనెక్టికట్‌లో చెర్రీ చెక్క, పెన్సిల్వేనియాలో వాల్‌నట్ ఎక్కువ. కానీ కలశాలు, కాళ్ళే ముందు పోతాయి: తడినేల మీద కాళ్ళు కుళ్ళుతాయి, కప్పు తక్కువైతే పైనా కిందా కోసేస్తారు. కాబట్టి లోపలి చెక్క చూడండి. వైట్ పైన్ అయితే న్యూ ఇంగ్లండ్ వైపు, ట్యూలిప్ పాప్లర్ అయితే పెన్సిల్వేనియా వైపు మొగ్గు. ఓక్ అయితే పెట్టె ఇంగ్లండుదేమోనని అనుమానించాలి.

అపోహ: చెక్క చక్రాలుంటే నకిలీ.
కనెక్టికట్‌లో ఎలై టెర్రీ అనే గడియారాల తయారీదారు 1807 ప్రాంతంలో 4000 చెక్క యంత్రాలకు ఒప్పందం చేసుకుని, మూడేళ్ళలో పూర్తిచేశాడు. ఓక్ పలకలు, చెర్రీ చక్రాలు, లారెల్ ఇరుసులు. ఇవి 30 గంటలే నడుస్తాయి, రోజూ తాడు లాగాలి. కొన్నిటి డయల్ మీద కీ రంధ్రాలు ఉత్త బొమ్మలే, 8 రోజుల గడియారంలా కనబడాలని!

అపోహ: ఆరో రోజు ఆగిపోతే యంత్రం పాడైనట్టే.
చాలాసార్లు పాడైంది యంత్రం కాదు, నిలబెట్టిన తీరు. 8 రోజుల గడియారంలో ఒక్కో బరువు సుమారు 5-6 కిలోలు. అవి దిగుతూ లోలకం గుండు ఎత్తుకు వచ్చేసరికి, పెట్టె కాస్త కదిలినా తామూ ఊగడం మొదలుపెడతాయి. లోలకం బలమంతా వాటికే పోతుంది, అది ఆగుతుంది. మెత్తటి తివాచీ మీద పెడితే ఇంకా కష్టం. పెట్టె వెనకపలకను గోడకు స్క్రూతో బిగించండి. తర్వాత టిక్‌కూ టాక్‌కూ మధ్య ఎడం సమానంగా ఉందో వినండి. కుంటుతుంటే లోలకాన్ని నెట్టే క్రచ్ అనే సన్నకడ్డీని ఒక్క వెంట్రుకవాసి వంచాలి. స్పిరిట్ లెవెల్ కన్నా చెవే నమ్మకం.

అపోహ: ఆగితే నూనె పోయాలి.
ఇత్తడి యంత్రంలో ఇరుసు కొనలు తిరిగే రంధ్రాల దగ్గర, ఎస్కేప్‌మెంట్ ప్యాలెట్ల (లోలకం ఊపుతో చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే కొక్కేల) మీద మాత్రమే, అదీ చుక్కలో చుక్క. చక్రాల పళ్ళకు వద్దు. దుమ్ము, నూనె కలిసిన ముద్ద పెద్ద చక్రాల మెత్తటి ఇత్తడిలో గుచ్చుకుని, వాటితో కలిసే చిన్న చక్రాల గట్టి ఉక్కు పళ్ళను అరగదీస్తుంది. చెక్క చక్రాలకు అసలే వద్దు.

సమయం తేడా వస్తే గుండు కింది మర తిప్పండి: పైకి లేపితే వేగం, దించితే నిదానం. దాదాపు 99.4 సెంటీమీటర్ల సెకను లోలకానికి (ఒక్కో ఊపుకు ఒక సెకను పట్టేదానికి) 1 మిల్లీమీటరు తేడా రోజుకు సుమారు 43 సెకన్లు. గడియారం కదిలించాల్సి వస్తే ముందు టోపీ, తర్వాత లోలకం తీయండి, లేకపోతే దాన్ని వేలాడదీసే పల్చటి స్ప్రింగు తెగుతుంది. ఆపైన బరువులకు ఎడమ, కుడి గుర్తుపెట్టి దించండి.